నిప్పు పెట్టని నేల

ఫిబ్రవరి 14, 1982, ఆదివారం

ఈ డైరీ సువర్ణ ఇచ్చింది. "రోజూ ఏం చేశావో రాసుకో నాన్నా, యాద్ రహేగా" అంది. బళ్ళో పిల్లలకి చెప్పీ చెప్పీ చివరికి కన్నతండ్రికి కూడా హోంవర్కు ఇస్తోంది నా కూతురు. ఏదో సిమెంటు దుకాణం వాళ్ళు పంచిన డైరీ. ప్రతి పేజీ అడుగునా ఒక బస్తా బొమ్మ. సరే, రాస్తాను. నాకోసమే రాస్తాను. అయినా నేను మరిచిపోయేదేముంది?

చర్చి నుంచి తిన్నగా కాసిడీహ్ వెళ్ళాను. కూతురింట్లో కిటికీ పక్కన మంచం మీద అంతోనమ్మ, కాలికి మోకాలి దాకా పిండికట్టు. మా స్నానాల గదిలో పాచి మీద జారిపడిన నాటి నుంచీ అక్కడే ఉంది. నన్ను చూసి, "గెడ్డం గీసుకోనేదేటి?" అంది. అదీ మా ఆవిడ పలకరింపు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వచ్చేస్తుంటే సువర్ణ వంటింట్లోకి పిలిచింది. ఈస్టరు లోగా ఆ నేల తవ్వించి జారని టైల్స్ వేయిస్తే అమ్మని బిర్సానగర్ మా ఇంటికి పంపుతుందట. లేకపోతే అమ్మ ఇక్కడే ఉండిపోతుంది, నన్ను రూర్కెలాలో కొడుకు దగ్గరికి పంపిస్తారట. "ఇద్దర్నీ ఒక్కచోట పెట్టుకునే జగహ్ మాలో ఎవరి దగ్గరా లేదు నాన్నా. నువ్వు అమ్మని చూసుకోగలవని నాకు భరోసా కుదరాలి" అంది. అని కళ్ళు తుడుచుకుంది. మంచి పిల్లే. కానీ నలభై ఏళ్ళ కాపురాన్ని అక్కాతమ్ముళ్ళు చెరిసగం పంచుకుంటారన్నమాట. నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఎవరూ చదవరు గనక రాస్తున్నాను, భయమే వేసింది.

"మిస్త్రీని పెట్టు, నువ్వు చెయ్యకు" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. కంపెనీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇనుము కరిగించే భట్టీల లోపల ఇటుక పరిచినవాణ్ణి నేను. నా ఇంటి స్నానాల గదికి ఇంకొకణ్ణి పిలుస్తానా?

ఫిబ్రవరి 16

పాత గచ్చు పగలగొట్టాను. సగం అయింది. నడుం పట్టేసింది.

ఫిబ్రవరి 18, గురువారం

మిగతా సగం కూడా అయింది. గచ్చు కింద మట్టి చల్లగా, నల్లగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఇల్లు కట్టినప్పుడు ఇక్కడ సరైన నేల వెయ్యడానికి తీరిక లేకపోయింది. రెండు తట్టల సిమెంటు పోసి తాపీతో ఒక రుద్దు రుద్దేశాను. అంతోనమ్మ అప్పుడే అంది, "ఇనుముకి తానం చేయించే గదులన్నీ నువ్వే కట్టినావు. నాకు మాత్రం ఈ పాచి గచ్చు" అని. ఊరికే అనేది, నవ్వుతూనే అనేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

భట్టీ పనే వేరు. బయటివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఇటుకకీ ఇటుకకీ మధ్య అక్కడక్కడ కావాలని ఖాళీ వదులుతాం. ఆ ఖాళీలో అట్టముక్క పెడతాం. నిప్పు రాజేసినప్పుడు అట్ట కాలిపోతుంది, ఇటుక వేడికి ఉబ్బి ఆ ఖాళీని తనే మూసుకుంటుంది. చోటు వదలకుండా బిగించేసిన భట్టీ వేడెక్కగానే బద్దలవుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పి మిగతాది కళ్ళతో నేర్చుకోమనేవాణ్ణి. నాకు ఇటుకలందించే ముసలయ్య మాత్రం చెప్పకుండానే తెలుసుకున్నాడు. నా చెయ్యి ఖాళీ కాకముందే ఇటుకో అట్టో అందులో ఉండేది. వాడు పోయాక నాకు అంత మంచి జోడీ దొరకలేదు. శవాన్ని సోంపేట పంపినప్పుడు స్టేషనుకి నేనూ వెళ్ళాను.

ఫిబ్రవరి 23, మంగళవారం

టైల్స్ కోసం సాక్చి బయలుదేరాను. టెంపో ఎక్కి కూర్చున్నాను. గాలి బాగుంది. మోదుగులు పూసినట్టున్నాయి, దారి పక్కన ఎర్రెర్రగా కనిపించాయి. అలా చూస్తూ చూస్తూ కంపెనీ గేటు దగ్గర దిగాను. గేటు కాపలావాడు కొత్తవాడు, "కహాఁ జానా హై చాచా?" అన్నాడు. ఎక్కడికని నేనూ ఆలోచించాను. లోపలి నుంచి బొగ్గు, ఆవిరి కలిసిన ఆ పాత వాసన వచ్చింది. హాయిగా అనిపించింది. కాస్త నిలబడి వచ్చేశాను. అలవాటైన కాళ్ళు, వాటి తప్పేముంది?

సాక్చిలో గళ్ళ టైల్స్ తీసుకున్నాను. ఎర్రవి, గరుగ్గా, అరికాలిని పట్టుకునేవి. రేపు రిక్షాలో ఇంటికి పంపిస్తామన్నారు.

ఫిబ్రవరి 27

టైల్స్ కోసం సాక్చి వెళ్ళాను. దుకాణంవాడు, "మొన్ననే పంపాం కదా బాబూజీ, మీరే దింపించుకున్నారట" అన్నాడు. నాకు తెలియదా ఏమిటి? మరికొన్ని ఎక్కువుంటే మంచిదని వెళ్ళాను. అదే చెప్పాను వాడికి.

మార్చి 7, ఆదివారం

అంతోనమ్మ పిండికట్టు తీసేశారు. కాలు సన్నబడిపోయింది. చేతికర్ర పట్టుకుని కిటికీ దాకా నడిచి చూపించింది. కూతురి అత్తగారు పక్క గదిలో దగ్గుతోంది, పిల్లలు రేడియో పెట్టారు, అల్లుడు షిఫ్టు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. నిజమే, ఆ రెండు గదుల్లో ఇంకో మనిషికి చోటు లేదు.

అందరూ అటు తిరిగినప్పుడు అంతోనమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని, "ఈలు మంచోలే. కానీ ఎవులింట్లోనో నీల్లు మితంగా పోసుకోవాల. నాకు నా గది గావాల. అవుతాదా, లేదా?" అంది.

"అవుతాది" అన్నాను.

"టైల్స్ ఏ రంగు?"

ఒక్క క్షణం తోచలేదు. "నువ్వే సూద్దువు గానీ" అన్నాను. తెలివిగానే తప్పించుకున్నాను.

మార్చి 12

పక్కింటి దాలమ్మ వచ్చి పొయ్యి మీది గిన్నె దింపింది. "అన్నయ్యా, ఈదంతా మాడు కంపు. పాలెట్టుకుని ఏటి సేత్తన్నావు?" అని కేకలేసింది. నేను టైల్స్ కొలుచుకుంటున్నాను. పని మీద ధ్యాస ఉన్నవాడికి పాలు గుర్తుంటాయా? సువర్ణకి చెప్పొద్దని మాత్రం అడిగాను. "సెప్పను గానీ, అన్నం మాత్రం ఇయ్యాల్టి నుంచి మా ఇంట్లోంచి వత్తాది" అంది. దాలమ్మ తెలుగులో పిలిస్తే కొడుకులిద్దరూ హిందీలో "క్యా మా?" అంటారు. నాతోనైనా తెలుగు మాట్లాడుకోవచ్చని కాబోలు, వచ్చినామె పొద్దువాలేదాకా కూర్చుంది.

మార్చి 16, మంగళవారం

ఇవాళ పరచడం మొదలుపెట్టాను. పని బ్రహ్మాండంగా సాగింది.

తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. పైన చిన్న కిటికీలోంచి పడ్డ ఎండ గోడ మీదుగా నెమ్మదిగా కిందికి దిగి, నేను పరిచినంత మేరకీ వచ్చి ఆగింది. ఎర్రటి టైలు లోపల్నుంచి వెలుగుతున్నట్టే ఉంది. చేతులకి పాత బలం వచ్చింది. సిమెంటు మాలు మెత్తగా కుదిరింది. ముసలయ్య గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని అందిస్తున్నాడు. వాడెప్పుడూ ఎక్కువ మాట్లాడడు. చెయ్యి చాపుతాను, చేతిలో ఇటుక ఉంటుంది. పెట్టి, తాపీ పిడితో తట్టి, రసమట్టం చూసి, అట్ట పెట్టి, తరువాతది. అట్ట పెట్టి, తరువాతది.

"ఎంత వదుల్తన్నావు?" అన్నాడు.

"అట్టంత" అన్నాను.

"సాల్దు. ఇది పెద్ద భట్టీ."

అట్టని రెండు మడతలు పెట్టాను. వాడు చెప్పింది నిజమే. వాటం ట్యాప్‌హోల్ వైపు ఇచ్చాను. కరిగిన ఇనుము బయటికి పోయే దారి అది, అటు చుక్క కూడా నిలవకూడదు. ఆకలి వెయ్యలేదు. దాలమ్మ అన్నం పెట్టి వెళ్ళినట్టుంది, చూస్తే చల్లారిపోయి ఉంది. ఇన్నాళ్ళకి ఇంత సుఖంగా ఉంది.

మార్చి 17

అట్ట చాల్లేదు. అంతోనమ్మ క్రిస్మస్ నక్షత్రం దాచుకునే పెట్టె కోశాను. గట్టి అట్ట, మంచిది. నక్షత్రం నలిగిపోతుందని వరండాలో వేలాడదీశాను. గాలికి తిరుగుతూ బాగుంది.

దాలమ్మ చూసి, "ఏటన్నయ్యా, ఇప్పుడే క్రిస్మస్సేటి?" అంది. కాసేపు అటూ ఇటూ చూసి వెళ్ళిపోయింది.

మార్చి 23

ముసలయ్య. పని. ఎండ.

మార్చి 28

ఆదివారమట. కాసిడీహ్ వెళ్ళలేదు. శనివారం అనుకున్నాను. పని మధ్యలో ఆపలేక వెళ్ళలేదు, అంతే.

ఏప్రిల్ 2, శుక్రవారం

అయిపోయింది. గోడ నుంచి గోడ దాకా ఒక్క టైలు కూడా ఎత్తుపల్లంగా లేదు. దారం పట్టి చూశాను, రసమట్టం పెట్టి చూశాను, చివరికి చెంప ఆనించి చూశాను. నేను పని చేసినన్నాళ్ళలో ఇంత చక్కటి నేల వెయ్యలేదు. అంతోనమ్మ ఇందులో పీట వేసుకుని కూర్చుంటుంది. గంగాళం నిండా నీళ్ళు పోసుకుంటుంది. మితంగా కాదు, ఎన్నంటే అన్ని. నేను గుమ్మం బయట నిలబడి, ఇంకా ఎంతసేపు అని విసుక్కుంటాను.

ఏప్రిల్ 4, మట్టల ఆదివారం

చేతిలో మట్టతోనే కాసిడీహ్ వెళ్ళి చెప్పాను. అంతోనమ్మ మొహం విచ్చుకుంది. సువర్ణ మాత్రం, "నీళ్ళు పోసి చూశావా నాన్నా?" అంది.

"సూసినాను" అన్నాను. ఇంకా చూడలేదు. రేపు చూస్తాను. చూసినా చూడకపోయినా ఒకటే, నాకు తెలుసు కదా.

శనివారం పొద్దున్నే అమ్మని తీసుకొస్తానంది.

ఏప్రిల్ 6

బకెట్టు నీళ్ళు పోశాను. ట్యాప్‌హోల్ దాకా రాలేదు. సందుల్లోకి ఇంకిపోయాయి. కొత్త భట్టీ మొదట్లో ఇలాగే ఉంటుంది. వేడెక్కితే బిగుసుకుంటుంది.

ఏప్రిల్ 7, బుధవారం

మళ్ళీ బకెట్టు పోశాను. మళ్ళీ ఇంకిపోయాయి. అట్టలు తడిసి ఉబ్బాయి, కొన్ని పైకి తేలాయి. ఒక టైలు మీద కాలు పెడితే కింద బుడబుడమంది.

ముసలయ్యని పిలిచాను. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. గుమ్మం దగ్గర ఎవరూ ఉండే వీలు లేదు, వాణ్ణి రైలెక్కించింది నేనే.

ఇది స్నానాల గది. ఇక్కడ ఎవరూ నిప్పు పెట్టరు.

ఈ మాట రాసి చాలాసేపు చూశాను. చెరువులో మునిగి లేచినప్పుడు ఒక్కసారిగా చప్పుళ్ళన్నీ వినిపిస్తాయే, అలా అయింది. రోడ్డు మీద సైకిలు గంటలు, దాలమ్మ ఇంట్లో రేడియో, అన్నీ. వరండాలోకి వెళ్తే నక్షత్రం కనబడింది. ఏప్రిల్‌లో నక్షత్రం. సాక్చి దుకాణంవాడు గుర్తొచ్చాడు, గేటు కాపలావాడు గుర్తొచ్చాడు, మాడిన పాలు గుర్తొచ్చాయి. సువర్ణ ఎందుకు కళ్ళు తుడుచుకుందో ఇప్పుడర్థమైంది. ఆమె భయపడింది నేల గురించి కాదు.

శనివారం వచ్చి చూస్తుంది. చూసి, అమ్మని వెనక్కి తీసుకెళ్ళిపోతుంది. తనది తప్పు కాదు. నేనే అయినా అదే చేస్తాను.

ఏప్రిల్ 8

ఏమీ చెయ్యలేదు. మంచం మీద పడుకుని కప్పు చూశాను.

ఏప్రిల్ 9, గుడ్ ఫ్రైడే

అంతోనమ్మ వచ్చింది.

ఇవాళే. మధ్యాహ్నం ఆరాధన అయ్యాక అల్లుణ్ణి పట్టుకుని టెంపోలో వచ్చేసింది. "రేపుదాకా ఆగమన్నా ఆగట్లేదు మావయ్యా" అని ఆమెని దింపేసి, అల్లుడు షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఆమె చేతికర్ర టకటకమనిపిస్తూ వరండా ఎక్కి, నక్షత్రాన్ని ఒకసారి చూసి, తిన్నగా స్నానాల గది తలుపు తీసింది.

ఎంతసేపు చూసిందో. కర్ర మొనతో ఒక సందులో పొడిచి, వంగి, రెండు వేళ్ళతో అట్టముక్క లాగింది. తడిసి పిండిలా అయిపోయింది, అంచున ఇంకా జరీ కాగితం మెరుస్తోంది.

"నా నచ్చత్రం పెట్టి" అంది.

కొలిమి మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. అట్ట ఎందుకు పెడతారో ఆమెకి నేను చెప్పాలా? పెళ్ళైన కొత్తలో బియ్యపు గింజలు పరిచి, మధ్యలో చీపురు పుల్లలు పెట్టి భట్టీ ఎలా కడతామో చూపించాను.

"ఇది మూసుకోవాలంటే ఎంత యేడి తగలాల?" అంది.

"ఎయ్యి డిగ్రీలు దాటాల" అన్నాను.

"నాను తానానికి కాసుకునే నీల్లు అంత కాగవు గదయ్యా."

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. వెంటనే ఏడుపు కూడా వచ్చింది, గోడ వైపు తిరిగాను. ఆమె గుమ్మానికి చేరబడి, నేను తిరిగేదాకా ఆగింది.

"ఎప్పట్నుంచి?" అంది. అట్టల గురించి అడగడం లేదని తెలుసు.

"తెల్దు. ముసలయ్య వత్తన్నాడు."

"ఏటంతన్నాడు?"

"పెద్ద భట్టీ అంతన్నాడు."

తల ఊపింది. తరువాత నా మోచెయ్యి పట్టుకుంది. "వత్తే రానీ. ఆడు మంచోడు. ఇటుకలందిత్తే అందుకో. కానీ సిమెంటు కాడా, పొయ్యి కాడా మాత్తరం నన్నడుగు. నా కాలు బాగోనప్పుడు నాను నిన్నడగట్లేదా?"

"సువర్ణ రేపొత్తాది. నిన్ను తీసుకుపోతాది" అన్నాను.

"రేపు గదా?" అంది. కొంగు దోపింది. "పీటట్టుకురా."

"ఇయ్యాల గుడ్ ఫ్రైడే. తాపీ పట్టకూడదు."

"మేకు కొట్టకూడదన్నారు. సిమెంటు పాలు కలపకూడదని ఏ పాదిరీ సెప్పనేదు."

పీట వేసుకుని కూర్చుని, కాలు చాపుకుని, జడలోని పిన్నుతో అట్టలు ఒక్కొక్కటే లాగేసింది. కదిలిన టైల్స్ నేను లేపి, కింద కొత్త మాలు వేసి కూర్చోబెట్టాను. సిమెంటు పాలు నేను చిక్కగా కలిపి ఇస్తుంటే, ఆమె గరిటెతో సందుల్లో పోసి వేలితో అదిమింది. అట్ల పిండి పోసే చెయ్యి, ఒక్క చుక్క పక్కకి పోలేదు. ఈసారి నేను అందించేవాణ్ణి. ఆమె చెయ్యి చాపకముందే ముంత అందులో ఉంచాను. పైకిటికీలోంచి ఎండ వచ్చి ఆమె వీపు మీద ఆగింది. పని పూర్తయ్యేదాకా అక్కడే ఉంది.

గుమ్మం దగ్గర చివరి సందు మిగిలింది. అందులో జరీ అట్ట అలాగే ఉంది. నేను ముంత అందిస్తే, వద్దంది.

"ఇదొక్కటీ వదిలీ. ఏసంగి ఎండలొత్తన్నాయి. రవ్వంత ఉబ్బినా సోటుండాల."

ఏప్రిల్ 10, శనివారం

సువర్ణ వచ్చింది. అమ్మ చెప్పకుండా వచ్చేసినందుకు ముందు అమ్మని కోప్పడింది. తరువాత చెప్పులు విప్పి లోపలికెళ్ళింది. బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. నేను వంటింట్లో నిలబడ్డాను.

"బహుత్ అచ్ఛా నాన్నా" అని వినిపించింది. తరువాత, "ఏయ్, ఇదేంటి? ఇక్కడ అట్ట ఉండిపోయింది."

"అదలగే ఉండాల. మీ నాన్న పనికది గురుతు" అంది అంతోనమ్మ.

సువర్ణ బయటికొచ్చింది. వాళ్ళమ్మ గోళ్ళ సందుల్లో ఎండిన సిమెంటు చూసింది. నా మొహం చూసింది. వరండాలో నక్షత్రం చూసింది. నా కూతురు తెలివైనది.

"ప్రతి ఆదివారం నేనే వస్తాను. గర్మీ సెలవుల దాకా చూస్తాను" అంది చివరికి. వెళ్ళేముందు స్టూలెక్కి నక్షత్రం విప్పబోయింది. అంతోనమ్మ ఉండనిమ్మంది.

ఏప్రిల్ 11, ఈస్టరు

తెల్లవారి చర్చికి వెళ్ళేముందు అంతోనమ్మ స్నానానికి వెళ్ళింది. పొయ్యి మీంచి నీళ్ళు ఆమె చెబితేనే దింపాను. లోపల పెట్టి, గుమ్మం బయట నిలబడి, ఇంకా ఎంతసేపు అని విసుక్కున్నాను. జవాబుగా మరో చెంబు నీళ్ళ చప్పుడు. మరొకటి. మరొకటి.

నీళ్ళు బయటికి పోతున్నాయా లేదా అని పెరట్లోకి వెళ్ళాను. గోడ అడుగున ట్యాప్‌హోల్ దగ్గర ముందు చిన్న తడి కనిపించింది. అంతలో ఒక్కసారిగా ఆవిరి కక్కుతూ ధార పడింది. లేత ఎండ దాని మీద పడి ఎర్రగా, బంగారంలా మెరిసింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్న వాళ్ళని కూడా వెనక్కి జరగమని కేకేశాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. చెయ్యి దించేసరికి అంతోనమ్మ తల తుడుచుకుంటూ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. నన్నూ చూసింది, నీళ్ళనీ చూసింది. కర్ర ఊతంతో మెట్టు దిగి వచ్చి, ఆ ధార కింద చెయ్యి పెట్టింది.

"దగ్గరికి రా" అంది. "కాల్దు."